చల్లారిన కొలిమి

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే: కొలిమి ఇటుకల కప్పు కూలి మా ఆయన మీద పడుతుందని, దానికి నేనన్న మాటే కారణమవుతుందని.

ఆయన పేరు ప్రేమ్‌కుమార్. కోరుట్ల నుంచి సౌదీలోని దమ్మామ్ పోయి మూడేళ్ళయింది. గాజు కంపెనీలో, గాజు కరిగించే ఇల్లంత కొలిమిలో పాత ఇటుకలు పీకి కొత్తవి పేర్చే పని. ఈసారి కొలిమి ఆర్పిన రోజే ఫోన్ చేశాడు. ఆదివారం లోపలికి దిగాలట, అప్పటికింకా సెగ ఉంటుందట. అప్పుడు నా ఒళ్ళో పాప, చేతిలో బీడీలు చుట్టే చాట. పూర్తిగా చల్లారితేనే దిగుతామని అందరూ కలిసి చెప్పమన్నాను. పొయ్యిలో చెయ్యి పెట్టేముందు నీళ్ళు చల్లమా అని మా అత్త సాయమ్మ వంతపాడింది.

"మా ఇంట్ల ఇద్దరు ఇంజినీర్లున్నరని ఫోర్‌మన్‌కు చెప్త" అని ఆయన నవ్వాడు.

చెప్పాడు కూడా. వాళ్ళ జట్టులో ఎనిమిది మందీ ఒక్కమాట మీద నిలబడ్డారు. ఫోర్‌మన్ తారీఖు మార్చలేదు, తొందరగా చల్లారాలని పెద్ద ఫ్యాన్లు తెచ్చి కొలిమికి పెట్టించాడు. మేము గెలిచామనుకున్నాం. అత్త వాడకట్టంతా చెప్పుకుంది.

నాలుగు రోజులకు మల్లాపూర్ సామేలన్న వచ్చాడు. అదే కంపెనీలో పదహారేళ్ళ మేస్త్రీ, సెలవు మీద ఉన్నాడు. ఫ్యాన్ల సంగతి గొప్పగా చెప్పాను. చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు.

"మంటల ఆ ఇటుకకు ఏం కాదు చెల్లె. అది పలుగురాయి ఇటుక. చల్లారేటప్పుడే దానికి గండం."

రాయి లోపల కంటికి కనపడని అణువులు ఒక వరసలో ఉంటాయట. బాగా కాలితే ఆ వరస వదులుగా మారుతుందట. చల్లారుతూ రెండు వందల యాభై డిగ్రీల దగ్గరికి రాగానే ఒక్కసారిగా ముడుచుకుంటుందట. పన్నెండు రోజులు నిదానంగా వేడి దించితే ఇటుకలు సర్దుకుంటాయి. తొందరపెడితే ఒక పక్క ముడుచుకుని, ఇంకో పక్క ముడుచుకోక పగుళ్ళు పడతాయి. కప్పు చూడటానికి బాగానే ఉంటుంది, సుత్తి తగిలితే రాలుతుంది.

నా చదువు జగిత్యాలలో ఇంటర్ మొదటి ఏడాదిలోనే ఆగింది. మంచు నీళ్ళవుతుందని, నీళ్ళు ఆవిరవుతాయని చదివాను. రాయి రాయిగానే ఉండి లోపల మారుతుందని అప్పుడే విన్నాను.

శనివారం ఆయనకు ఫోన్ కలిసింది. దిగవద్దన్నాను.

"చల్లారితే దిగుతమని మేమే అంటిమి గదా. ఇప్పుడు ఏం మొఖం వెట్టుకోని వద్దంటం?"

"కప్పుకు ఊతలన్న పెట్టియ్యుమను. నీ బిడ్డ మీద ఒట్టు."

సరేనన్నాడు. ఈరోజు మంగళవారం. ఆదివారం నుంచి ఆయన ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. సామేలన్న చేసినా అంతే. సిరిసిల్లలో మా అమ్మకు ఇంకా చెప్పలేదు.

దమ్మామ్‌లో ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, గాజు కంపెనీ పనివాళ్ళుండే క్యాంపులో పద్నాలుగో నంబరు గదికి పోయి, ప్రేమ్‌కుమార్ ఎలా ఉన్నాడో ఒకసారి చూడండి.