గాలి చాలని వ్యాను

చేతులకు గ్రీజు అంటకముందే టీ తాగేయడం మెకానిక్కు అలవాటు. ఆ ఉదయం ఆమె గ్లాసు ఇంకా సగం కూడా కాలేదు, అన్నయ్య వ్యాను దగ్గుకుంటూ వచ్చి షెడ్డు ముందు ఆగింది.

"వేరే షెడ్డులో కొత్త సెన్సారు వేయించినా మళ్ళీ ఇంజన్ లైటు వెలుగుతోందే! మధ్యాహ్నం కిటికీ అద్దాల లోడుతో కొండెక్కాలి. తొందరగా చూడు," అన్నాడు దిగుతూనే.

కొండదారిలో బండికి ఊపిరాడకపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఒక పక్క లోయ, వెనక లారీలు. స్కానరు తగిలించి చూసింది. తెర మీద వచ్చింది గాలి సెన్సారు కోడే. ఇంజన్‌లోకి వెళ్ళాల్సినంత గాలి వెళ్ళడం లేదని దానర్థం.

"పాత సెన్సారు ఎందుకు తీసేశారు?"

"కోడ్‌లో దాని పేరే ఉందిగా!"

"బావుంది. దొంగ దొంగ అని అరిచినవాణ్ణే పట్టుకుని కట్టేశారన్నమాట. కోడ్ చెప్పేది ఫిర్యాదు చేసినవాడి పేరు అన్నయ్యా, తప్పు చేసినవాడిది కాదు."

ఫిల్టరు విప్పింది, శుభ్రంగా ఉంది. గొట్టాలు తడిమింది, ఎక్కడా చిల్లు లేదు. వైర్లూ బాగానే ఉన్నాయి. పనిలో తనని మించినవాళ్ళు లేరని ఆమె నమ్మకం, అది చాలావరకు నిజం కూడా. ఇంజన్ ఆన్‌లో ఉంచి, గొట్టానికి కొత్త క్లిప్పు వేద్దామని, అది తెమ్మని అన్నయ్యను అటక మీదికి పంపింది.

అతను మెట్టు ఎక్కాడు, స్కానరులో గాలి అంకె తగ్గింది. ఇంకో మెట్టు ఎక్కాడు, ఇంకాస్త తగ్గింది. అతను పైమెట్టు మీద కూలబడేసరికి ఇంజన్ ఉక్కిరిబిక్కిరైపోయింది.

ఆమెకు తన మీద తనకే ఒళ్ళు మండింది. ఏళ్ళ తరబడి ఒకే మనిషి నడిపిన బండి ఆ మనిషితో పాటే ఊపిరి తీసుకుంటుందని వీధిలో ఎవరికి తెలియదు? టాక్సీ ఆయనకు జలుబు చేస్తే ఆయన కారు సిగ్నల్ దగ్గర తుమ్ముతుంది, పక్కవాళ్ళు తమ అద్దాలు ఎత్తుకుంటారు, అంతే.

"తాళాలు ఇవ్వను. బండి బంగారంలా ఉంది. ఊపిరాడనిది నీకు," అంది.

"గాలి కబుర్లు చెప్పకు. గుండ్రాయిలా ఉన్నా."

"మెట్లెక్కితే ఆయాసపడుతున్నావని వదిన మొత్తుకుంటోందిగా. ఏం చేశావు?"

అన్నయ్య నేలచూపులు చూశాడు. "తనకే ఏదో అయిందనుకుని... మీ వదినకే పరీక్షలు చేయించా."

"నువ్వూ సెన్సారునే విప్పావన్నమాట!"

అదే వ్యానులో ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. గుండెకు రక్తం తీసుకెళ్ళే నాళం దాదాపు మూసుకుపోయిందనీ, కొండెక్కి ఉంటే మళ్ళీ దిగేవాడు కాదనీ చెప్పి, డాక్టరు అతణ్ణి వెంటనే ఆపరేషన్‌కు తీసుకెళ్ళిపోయింది.

పరుగున వచ్చిన వదినకు వరండాలో కాలు నిలవలేదు. మెకానిక్ ఆమెను ఆవరణలోకి తీసుకెళ్ళి వ్యానులో కూర్చోబెట్టింది. అన్నయ్య ఊపిరిని కనిపెట్టుకుని ఉండొచ్చని ఇంజన్ ఆపకుండానే వదిలింది. ఇద్దరూ స్కానరు వంకే చూస్తున్నారు. అంకె తగ్గుతోంది. స్టీరింగు వణికింది.

"భయంగా ఉందే," అంది వదిన ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని.

"నాకూ భయంగానే ఉంది వదినా." ఆ మాట ఆమె నోట వినడం వదినకు అదే మొదటిసారి.

ఇంజన్ ఇక ఆగిపోతుందనుకున్నారు. అప్పుడు వ్యాను గుండెల నిండా గాలి పీల్చుకుంది. బానెట్ మెల్లగా లేచి దిగింది. అంకె పైకి ఎగబాకి అక్కడే నిలబడింది. ఇంజన్ చప్పుడు నెమ్మదించి, సన్నటి గుర్రుగా మారింది.

వదిన చెవులు రిక్కించి విని, ముందు నవ్వింది, తర్వాత భోరుమంది. "ఆయన గురకే! ఇంకెవరిది!"

కాసేపటికి డాక్టరు వాళ్ళను వెతుక్కుంటూ వచ్చి వ్యాను అద్దం తట్టింది. వదిన కళ్ళు తుడుచుకుని అద్దం దించి, పెదాల మీద వేలు పెట్టింది.

"మెల్లగా చెప్పండి డాక్టరుగారూ, ఇప్పుడే నిద్ర పట్టింది."