రెండు ఊళ్ళ బోరింగు

నేను ఒక బోరింగుని. పుస్తకాల్లో చేతిపంపు అని రాస్తారు గానీ, తెలుగు పల్లెల్లో మమ్మల్ని ఆ పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. ప్రస్తుతం దక్షిణ సూడాన్‌లో ఒక స్టోరు వెనక పాత ఇనుము గుట్టలో పడి ఉన్నాను. నా చోట్లోకి సోలారు మోటారు వచ్చింది. దానిమీద నాకు కోపం లేదు. ఇనుముకు కోపం రాదు, తుప్పే వస్తుంది.

తయారైంది కోయంబత్తూరు దగ్గర ఒక కార్ఖానాలో. నాతోపాటు తయారైనవాళ్ళు బడుల ముందుకీ, వాడల మధ్యకీ, బస్టాండ్ల పక్కకీ పోయారు. నన్ను మాత్రం చెక్కపెట్టెలో పెట్టి మేకులు కొట్టి ఓడెక్కించారు. పెట్టె మీద ఐక్యరాజ్యసమితి ముద్ర ఉంది. దూరదేశాల్లో, చల్లటి హాళ్ళలో, ప్రపంచంలో శాంతి సంస్కృతిని నిర్మించాలని పెద్దవాళ్ళు తీర్మానాలు చేస్తుంటారట. ఆ తీర్మానాలు నానా భాషల్లోకి మారి, నానా సంతకాలు పడి, చిట్టచివరికి నాలాంటివాటి రూపంలో లారీ దిగుతాయి.

నా పెట్టె విప్పినవాడు బమ్మిడి సింహాచలం. భారత సైన్యంలో హవల్దారు, శాంతిదళంతో వచ్చిన ఇంజనీరు కంపెనీలో పనిచేసేవాడు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మనిషి. తండ్రి కిడ్నీలు పాడై, మంచంలోనే ఎండిపోయి చనిపోయాడు. ఊళ్ళో నీళ్ళమీదే అందరికీ అనుమానం. సింహాచలం నన్ను బిగించేటప్పుడు జోకులాడేవాడు కాదు. అతని కింద నాయక్‌గా పనిచేసే ఖాజా వలీ, కడప కుర్రాడు, ఓసారి అడిగాడు.

"ఏందన్నా, బోరింగును పట్టుకోని పెండ్లికూతుర్ని ముస్తాబు చేసినట్టు చేస్తాండావు?"

"నీళ్ళు బాగోకపోతే మడిసేటైపోతాడో నాను సూసినాను బాబూ," అన్నాడు సింహాచలం. "సరిగ్గా పట్టు. ఆ పానా ఇలాగియ్యి."

నన్ను నాటిన చోటికి ఒక పక్క మల్వాల్, ఇంకో పక్క తింజోక్. మధ్యలో ఏడాదిలో సగంకాలం ఎండిపోయే వాగు. రెండూళ్ళవాళ్ళూ పశువులు కాచుకునేవాళ్ళే. ఒకరి మందను ఒకరు తోలుకుపోవడం, ఆ వెనకే చావులు, తాతలనాటి నుంచీ ఉన్న వ్యవహారం. తాతల కాలంలో బల్లేలుండేవి, ఇప్పుడు తుపాకులు. అంతే తేడా. మల్వాల్‌లో అచోల్ అనే ఆమె భర్తను తింజోక్ వాళ్ళు కాల్చేశారు. దానికి బదులుగా తింజోక్‌లో న్యావల్ అనే ఆమె తమ్ముణ్ణి మల్వాల్ వాళ్ళు చంపారు. ఇద్దరాడవాళ్ళదీ దాదాపు ఒకే వయసు.

భూమిలో నీళ్ళు మల్వాల్ ఒడ్డునే పడ్డాయి. దాంతో తింజోక్ పెద్దలకు పట్టుకుంది బెంగ. రెండూళ్ళ పెద్దలతో వేసిన శాంతి కమిటీ కూర్చుంది. చెట్టు నీడ ఇటునుంచి అటు తిరిగేదాకా మాట్లాడారు.

"బాగుచేసే సామాను వాళ్ళ దగ్గరుంటే మాకు నీళ్ళు ఆపేస్తారు," అన్నారు తింజోక్ వాళ్ళు.

"వీళ్ళ దగ్గరుంటే బోరింగునే విప్పుకుపోతారు," అన్నారు మల్వాల్ వాళ్ళు.

ఆఖరికి సామాను పంచుకున్నారు. పానాలు మల్వాల్‌కి. గొట్టాలు పైకి లాగేటప్పుడు జారకుండా పట్టే ఇనుప బిగింపు తింజోక్‌కి. ఒకటి లేకుండా ఇంకోదానితో నన్ను విప్పలేరు. తర్వాత వచ్చినవాళ్ళు ఇది ఎంతో తెలివైన ఏర్పాటని మెచ్చుకున్నారు. నేనక్కడే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, తెలివి కాదు. వట్టి అపనమ్మకం.

సామాను దాచడానికీ, మరమ్మతు నేర్చుకోవడానికీ ఊరికొక ఆడమనిషిని పంపమన్నారు. మల్వాల్ నుంచి అచోల్ వచ్చింది. తింజోక్ నుంచి న్యావల్ వచ్చింది. వాళ్ళకు నేర్పినవాడు సింహాచలం. అతనికి వాళ్ళ భాష రాదు, వాళ్ళకు అతని భాష రాదు. చేత్తో చూపించి, "లాగు, లాగు" అని అరిచేవాడు. కొద్దిరోజులకు వాళ్ళూ "లాగు" అనడం మొదలుపెట్టారు. ఆ నేర్చుకున్న కాలమంతా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నా గొట్టాలనే చూశారు. ఒకరితో ఒకరు ఆడిన మాట ఆ "లాగు" ఒక్కటే.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. ఎండాకాలంలో ఎవరో తింజోక్ మందను తోలుకుపోయారు. మర్నాడు మల్వాల్‌లో ఒక గుడిసె తగలబడింది. వాగుకి అటూ ఇటూ మగవాళ్ళు తుపాకులు ఒళ్ళో పెట్టుకు కూర్చున్నారు. సరిగ్గా అదే వారంలో నా లోపలి తోలు వాషర్లు అరిగిపోయాయి. పిడి పైకీ కిందికీ ఆడుతోంది గానీ చుక్క రావడం లేదు. మనుషుల గొడవలు చూసుకుని అరగడం వాషర్లకు తెలియదు కదా.

రెండూళ్ళవాళ్ళూ పశువులు దిగే మడుగు నీళ్ళు తాగారు. పిల్లలకు వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. అచోల్ ఇంట్లో చిన్నపిల్ల కళ్ళు లోపలికి పోయాయి. అచోల్ పానాలు బుట్టలో వేసుకుని నెత్తిన పెట్టుకుంది. గుమ్మంలో మరిది అడ్డం నిలబడ్డాడట. ఇదంతా తర్వాత నా దగ్గర నీళ్ళు పట్టుకుంటూ ఆడవాళ్ళు చెప్పుకోగా విన్నాను.

"ఎక్కడికి?"

"తింజోక్‌కి."

"నీ మొగుణ్ణి చంపినవాళ్ళ కాళ్ళు పట్టుకుంటావా?"

"కాళ్ళు కాదు. గొట్టాలు పట్టుకోమంటాను."

అతను పక్కకు జరగలేదు. ఆమే పక్కనుంచి వెళ్ళింది.

మిట్టమధ్యాహ్నం. ఎండిన వాగులో ఇసుక కాలుతోంది. ఆమె నడుస్తుంటే అవతలి ఒడ్డున ఒకడు లేచి తుపాకి ఎత్తాడు. ఆమె ఆగింది. బుట్ట దించి, పానా ఒకటి తీసి పైకెత్తి చూపించింది. మళ్ళీ బుట్ట ఎత్తుకుని నడిచింది. నాకు కనిపించింది అంతవరకే. ఆమె చెట్ల వెనక్కి వెళ్ళిపోయింది.

శాంతిదళం బండి కాస్త దూరంలో ఆగి ఉంది. సింహాచలం తలుపు మీద చెయ్యి వేశాడు.

"దిగాకు అన్నా," అన్నాడు వలీ. "ఆర్డరు ల్యాదు. మనం దిగితే వాళ్ళు కాలుస్తారు. మనల్ని గాదు, ఆమెను."

సింహాచలం చెయ్యి తీసేశాడు. మొహం తుడుచుకున్నాడు.

చాలాసేపటికి చెట్ల వెనకనుంచి అచోల్ వచ్చింది. వెనకే న్యావల్, భుజాన ఇనుప బిగింపుతో. వాళ్ళ వెనక ఇంకొందరు ఆడవాళ్ళు. అటువైపు మగవాళ్ళు వద్దని కేకలేస్తూనే వెంట నడిచారు. వాళ్ళను చూసి ఇటువైపు మగవాళ్ళూ దగ్గరికొచ్చారు. నా చుట్టూ అన్ని తుపాకులు నేనెప్పుడూ చూడలేదు.

ఆడవాళ్ళు నా తల విప్పారు. అచోల్ పానా తిప్పుతోంది. న్యావల్ బిగింపు పట్టుకుంది. మిగతావాళ్ళు "లాగు! లాగు!" అంటూ గొట్టాలను పైకి లాగుతున్నారు. నీళ్ళు నిండిన గొట్టాలు మహా బరువు. చేతులు చెమట. సగం దాకా వచ్చాక బిగింపు బోల్టు వదులైంది. గొట్టం జర్రున కిందికి జారింది. పాతాళంలోకి పోతే ఇక నన్ను ఎవరూ తీయలేరు. న్యావల్ వేళ్ళు నలిగి రక్తం వస్తోంది, వదల్లేదు. అచోల్ పానా పారేసి గొట్టాన్ని కావలించుకుంది.

"లాగు!" అని గొంతు చించుకుంది.

తింజోక్ మనిషి ఒకడు తుపాకి కింద పడేసి వచ్చి గొట్టం పట్టుకున్నాడు. ఆలోచించి చేసిన పని కాదది. జారిపోతున్నదాన్ని పట్టుకోవడం చేతులకు అలవాటు. అతని పక్కన ఇంకో జత చేతులు పడ్డాయి. అవి అచోల్ మరిదివి. తుపాకి పట్టుకున్న చేత్తో గొట్టం పట్టుకోవడం కుదరదు. మరి అతను తన తుపాకిని ఎప్పుడు వదిలాడో నేను చూడలేదు. అతను కూడా చూసుకుని ఉండడు.

వాషర్లు మార్చారు. ముందు బురదనీళ్ళు వచ్చాయి, తర్వాత తేటనీళ్ళు. మొదటి డబ్బా ఎవరిదని ఎవరూ తగువు పడలేదు. అచోల్ పిల్ల బతికింది. న్యావల్ వాళ్ళ వీధిలో ఒక పిల్లాడికి మాత్రం ఆ నీళ్ళు ఆలస్యంగా అందాయి.

దీంతో శాంతి వచ్చేసిందని చెప్పను. ఆ తర్వాత కూడా మందలు పోయాయి, మనుషులు పోయారు. నా దగ్గర మాత్రం ఎవరూ కాల్చలేదు. సింహాచలం కంపెనీ స్వదేశానికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు అతను వచ్చి కడుపునిండా నీళ్ళు తాగి బండెక్కాడు.

చాలా ఏళ్ళకు ఏదో అంతర్జాతీయ సంస్థ వాళ్ళు కెమెరాలతో వచ్చారు. తెల్లచొక్కాలు, మంచి మనసులు. వాళ్ళలో ఒకావిడ దుబాసీ ద్వారా అచోల్‌ను అడిగింది.

"న్యావల్ వాళ్ళను క్షమించారా?"

"లేదు," అంది అచోల్.

దుబాసీ ఇబ్బందిగా చూశాడు. ఆవిడ మళ్ళీ అడిగింది, ఇంకా మెత్తగా. "మనసులో ఎక్కడో..."

"లేదు. చచ్చినవాడు నా మొగుడు. అతని బదులు నేనెలా క్షమించను? ఆమె తమ్ముడి సంగతీ అంతే. ఆమెను అడగండి, ఆమే చెబుతుంది."

అంతలో న్యావల్ వచ్చింది. వీపున మనవరాలు నిద్రపోతోంది. ఆమె వంగి డబ్బాను నా కింద పెట్టింది. పిల్ల లేవకుండా పిడి కొట్టడం కష్టం. అచోల్ మాట ఆపకుండానే పిడి అందుకుంది. దుబాసీతో "లేదని రాసుకోమను" అని చెబుతూ, న్యావల్ డబ్బా నిండేదాకా కొట్టింది.