ధర చీటీ కట్టిన స్టూలు

"కౌంటర్లో కూర్చున్నవాళ్ళని చూస్తే కొనేవాళ్ళకి బద్ధకం అంటుకుంటుంది" అని మా సామాన్ల షాపు మేనేజరు ఒక పొద్దున మా స్టూళ్ళన్నీ ఎత్తించేశాడు. నిలబడలేనివాళ్ళు ఉద్యోగంలో నిలవక్కర్లేదని కూడా సెలవిచ్చాడు. రోజుకి తొమ్మిది గంటలు బిల్లులు కొట్టే, షాపులో అందరికన్నా పెద్దదని మేమంతా పెద్దక్క అని పిలిచే ఆవిడ మోకాళ్ళు వారానికే మొరాయించాయి.

"మానేస్తావా అక్కా?" అన్నాను దిగులుగా.

"మానేస్తే మా ఇల్లు నువ్వు నడుపుతావుటే? ఆయనదే ఇంకో రూలుంది, ఆగు" అంది.

ఆ రూలు గోడమీదే అతికించి ఉంది: అమ్మే ప్రతి వస్తువునూ సిబ్బంది వాడి చూపించాలి. పెద్దక్క అమ్మకానికున్న చెక్క స్టూలొకటి తెచ్చి, ధర చీటీ అందరికీ కనబడేలా వేలాడదీసి, దర్జాగా కూర్చుంది. వెంటనే మేమూ తలా ఒకటి తెచ్చుకున్నాం.

మేనేజరు ఊగిపోతూ వచ్చాడు. "లేవండి!"

"వాడి చూపిస్తున్నాం సార్!"

వరసలో ఉన్న ఒక పెద్దావిడ, "గట్టిగానే ఉందే! నాకూ ఒకటివ్వమ్మా" అంది. అమ్మినకొద్దీ ఇంకోటి తెచ్చుకుని కూర్చున్నాం. సాయంత్రానికి స్టూళ్ళన్నీ అమ్ముడైపోయాయి.

మర్నాడు షాపు యజమానురాలు వచ్చింది. "ఏడాదిగా కదలని సరుకు ఎలా కదిలిందయ్యా?"

మేనేజరు గొంతు సవరించుకునేలోపే పెద్దక్క అందరిముందూ సంగతంతా విప్పింది. "నిలబడిపోయిన సరుకుతో పాటు మమ్మల్నీ నిలబెట్టారమ్మా. మేం దానిమీద కూర్చున్నాకే సరుకు కదిలింది."

యజమానురాలు పగలబడి నవ్వి, ప్రతి కౌంటరుకీ స్టూలు వేయించింది, ధర చీటీ లేకుండా. పెద్దక్క మహారాణిలా కూర్చుంది. మేనేజరు మాత్రం ఆ రోజంతా నిలబడే ఉన్నాడు.