చేతి చలవ

మా ల్యాబ్‌లో ఇద్దరు అక్కాచెల్లెళ్ళు ఉండేవారు. పెద్దావిడ ప్రొఫెసర్, ల్యాబ్ ఆవిడదే. చిన్నావిడ ఎముకలు తొలిచే టెక్నీషియన్. వెనకాల అందరం పెద్దక్క, చిన్నక్క అనేవాళ్ళం. ఎదురుగా పెద్దక్కని 'మేడమ్' అనకపోతే ఆ రోజుకి మన పని అయిపోయినట్టే. చిన్నక్క నోట్లో నాలుక లేని మనిషి. అక్క తిట్టినంతసేపూ తలొంచుకుని, తిట్లు అయ్యాక "టీ తాగుతావా అక్కా" అని అడిగేది. నాకు పెద్దక్కంటే మొదటినుంచీ గిట్టదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది.

మా పని, వేల ఏళ్ళనాటి ఎముకల్లోంచి మైటోకాండ్రియా డీఎన్‌ఏ తీసి చదవడం. అది తల్లి నుంచే బిడ్డకి వస్తుంది, తండ్రికి అందులో వాటా లేదు. డీఎన్‌ఏ అంటే అక్షరాల వరస లాంటిది. తల్లి అక్షరాలే కూతురికి, కూతురివే మనవరాలికి. ఎప్పుడో ఏ తరంలోనో ఒక అక్షరం మారితే అక్కణ్ణుంచి కొత్త కొమ్మ మొదలవుతుంది. ఆ కొమ్మల్ని పట్టుకుని ఏ జనం ఎవరి నుంచి విడిపోయారో చెప్తాం. అయితే పాత ఎముకలో మిగిలి ఉండేది చిటికెడంత. తొలిచే మనిషి తుమ్మినా, చెమట చుక్క రాలినా ఆ మనిషి డీఎన్‌ఏ దాన్ని మింగేస్తుంది. అందుకని ల్యాబ్‌లో అడుగుపెట్టే ప్రతివాళ్ళూ బుగ్గ లోపల దూదిపుల్ల రాసి ఇవ్వాలి. మా వరసలన్నీ ఒక కల్తీ పట్టికలో ఉంటాయి. ఎముకలో దొరికిన వరస మాలో ఎవరిదానితోనైనా కలిస్తే అది కల్తీ. పారేస్తాం.

ల్యాబ్ పెట్టిన కొత్తలో నేనూ ఇచ్చాను, గది ఊడ్చే ఆవిడా ఇచ్చింది. చిన్నక్క నోరు తెరుచుకుని నిలబడితే పెద్దక్క ఆ పుల్ల లాక్కుని చెత్తబుట్టలో పడేసింది.

"నీదెందుకే? నాది ఇచ్చానుగా. ఒక తల్లి కడుపున పుట్టాం, నాకున్నదే నీకూ ఉంటుంది. దండగ."

అందరం నవ్వాం. శాస్త్రం ప్రకారం ఆవిడ మాటలో తప్పేమీ లేదు. అంత శుద్ధమైన పొరపాటు మా చదువు చదివినవాళ్ళే చేయగలరు.

తర్వాత ఒక గుహలో దొరికిన ఎముకలు వచ్చాయి. చిన్నక్క తొలిచింది. లోకంలో ఇంతవరకూ ఎవరి దగ్గరా కనపడని వరస ఒకటి వాటిలో దొరికింది. పట్టికలో ఉన్న మా ఎవరితోనూ కలవలేదు. పెద్దక్క దానికి 'గుహ తల్లి' అని పేరు పెట్టింది. ఆ తల్లి పుణ్యమా అని పెద్ద కుర్చీ వచ్చింది, బహుమతులు వచ్చాయి, వరండా గోడ పొడవునా ఆ కొమ్మ ఉన్న వంశవృక్షం వెలిసింది. వేరే ల్యాబ్‌వాళ్ళు అవే ఎముకలు తొలిస్తే వాళ్ళకి ఏమీ దొరకలేదు. సభల్లో ఎవరైనా ఆ మాట ఎత్తితే పెద్దక్క చెల్లెల్ని లేపి నిలబెట్టేది.

"వాళ్ళకెలా దొరుకుతుంది? మా చెల్లి చెయ్యి పడాలి. అంతా దీని చేతి చలవ."

చిన్నక్క సిగ్గుపడి చేతులు వెనక్కి దాచుకునేది. ఆ ఒక్క మెచ్చుకోలుకి ఏడాదంతా తిట్లు మర్చిపోయేది. పెళ్ళి చేసుకోలేదు. అక్క ఇంట్లోనే ఉంటూ, పక్షవాతంతో మాట పడిపోయిన తల్లికి ఒళ్ళు తుడిచి, అన్నం తినిపించి ల్యాబ్‌కి వచ్చేది. ఎవరైనా జాలిపడితే "నాకేం తక్కువ? అమ్మ ఉంది, అక్క ఉంది" అనేది. ఆవిడ ఆస్తంతా అంతే.

ఈమధ్య కొత్త మెషీన్ వచ్చింది. సరిగా చదువుతోందో లేదో చూడటానికి ఎవరిదో ఒకరి నమూనా కావాల్సి వచ్చింది.

"నాది తీసుకో తమ్ముడూ. ఇన్నాళ్ళకి నా వంతు" అంది చిన్నక్క.

ఫలితం వచ్చింది. తెర మీద గుహ తల్లి. అక్షరం పొల్లు పోలేదు.

చిన్నక్క నా భుజం మీంచి చూసి మురిసిపోయింది. "అంటే నేను ఆవిడ వంశమా? అక్కా, ఇటు రా. మనం గుహ తల్లి మనవరాళ్ళమట."

పెద్దక్క వచ్చి చూసి కుర్చీలో కూలబడింది. ఆవిడకి ఒక్క చూపు చాలు. వంశమే అయితే మిగతా ల్యాబ్‌లకీ దొరికేది. దొరికింది చిన్నక్క చెయ్యి పడిన ఎముకల్లోనే. ఆ మాట మైకులో చెప్పిందీ తనే. గుహ తల్లి అంటూ ఎవరూ లేరు. ఇన్నేళ్ళూ మేము లోకానికి చూపించింది చిన్నక్క చెమట. అంతేకాదు, పెద్దక్క వరస వేరు. అంటే ఇద్దరికీ తల్లి ఒకరు కాదు.

"నువ్వెవరివే?" అంది పెద్దక్క. తను ఎవరో అనే అనుమానం ఆవిడకి రాలేదు.

మర్నాడు తల్లి బుగ్గలోంచి తీసిన పుల్ల తెచ్చి నా ముందు పడేసింది. చదివాను. తల్లి వరస చిన్నక్కది. పిల్లలు లేక తెచ్చుకున్న పిల్ల పెద్దక్క అయ్యుండాలి, ఆ తర్వాత కడుపు పండి పుట్టింది చిన్నక్క. నాకు నవ్వొచ్చిందంటే పాపమేమో గానీ, వచ్చింది. నా వెనకే నిలబడి చూసిన చిన్నక్క మాత్రం తలుపు దగ్గరగా వేసింది.

"అక్కకి చెప్పకు. అమ్మది తనతోనే కలిసిందని చెప్పు."

"మతి పోయిందా చిన్నక్కా?"

"దాని పేరు ఎలాగూ పోతోంది. అమ్మ కూడా పోతే ఇంకేం మిగులుతుంది? నాకేం, కడుపున పుట్టానని నాకు తెలుసు, చాలు. నా మీద ఒట్టు."

"రేపు నిన్ను పరాయిదానిలా చూస్తే?"

"చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని పెంచిన చెయ్యి. ఎక్కడికి వదిలేస్తుంది?"

అంత నమ్మకం చూస్తే నాకు ఒళ్ళు మండింది. అయినా ఆవిడ చెప్పమన్నట్టే చెప్పాను. పెద్దక్క ఊపిరి పీల్చుకుని, అద్దంలో జుట్టు సవరించుకుంది.

గుహ తల్లి సంగతి బయటికి పొక్కింది. యూనివర్సిటీ వేసిన విచారణ సంఘం ముందు ఆవిడ ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టు తప్పంతా చెల్లెలి పుట్టుక మీదికి తోసింది.

"ఈమె నా చెల్లెలు కాదు. ఎవరి కడుపున పుట్టిందో దాచిపెట్టి నా ల్యాబ్‌లో చేరింది. నన్ను మోసం చేసింది."

"మీకు ముందే తెలుసా?" అని అధ్యక్షుడు చిన్నక్కని అడిగాడు. చిన్నక్క అక్క మొహంలోకి చూసింది. పెద్దక్క కళ్ళు తిప్పుకుంది.

"తెలుసండీ" అంది చిన్నక్క.

గుహ తల్లి పరిశోధన రద్దయింది. మోసపోయిన మనిషి కదా అని పెద్దక్క కుర్చీ ఆవిడకే ఉంచారు. చిన్నక్క ఉద్యోగం ఊడింది. ఆవిడ తొడిగిన సూట్లు, చెప్పులు, పట్టుకున్న డ్రిల్లు అన్నీ సంచుల్లో కట్టి తగలబెట్టించారు. ఆవిడ వరసని కల్తీ పట్టికలో ఎక్కించమన్నారు. పేరు దగ్గర ఏం రాయాలని అడిగితే "బయటి మనిషి" అని రాయమంది పెద్దక్క.

సాయంత్రం గేటు దగ్గర చిన్నక్క వట్టికాళ్ళతో నిలబడి ఉంది. నేను పక్కనే ఉన్నాను. పెద్దక్క కారు వచ్చి ఆగింది. చిన్నక్క అలవాటుగా వెనక తలుపు మీద చెయ్యి వేసింది.

"చెయ్యి తియ్యి" అంది పెద్దక్క. "మా అమ్మకి నర్సుని పెట్టాను. నీ బట్టలు వాచ్‌మన్ దగ్గరున్నాయి. ఇంటికి రాకు."

ఒట్టు తీసి గట్టున పెట్టేద్దామని నోరు తెరిచాను. చిన్నక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కారు కిటికీ దగ్గరికి వంగింది.

"అమ్మగారిని కుడివైపుకే తిప్పి పడుకోబెట్టమనండి మేడమ్. ఎడమవైపు పుండు ఇంకా ఆరలేదు."

"సరే, నర్సుకి చెప్తాలే" అని పెద్దక్క కారు అద్దం పైకెత్తేసింది.