వదులుగా కుట్టిన ఊరు

ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ పిల్లలకి దిక్కులు నేర్పిన భూగోళం మాస్టారు, రిటైరయ్యాక సొంత తండ్రి పుట్టిన ఊళ్ళో దారి తప్పారు. పక్కనే అక్క ఉంది కాబట్టి ఆ సంగతి దాచుకునే వీలు కూడా లేకపోయింది.

"ఒరేయ్, ఇక్కడ కొండ రావాలి కదరా?"

"రావాలక్కా."

"మరి కోళ్ళొచ్చాయేం?"

మాస్టారు చేతిలోని పటం చూసుకున్నారు. పటమంటే కాగితం కాదు. వాళ్ళ నాన్న దర్జీ. చదువు రాదు గనక, తన ఊరి దారిని తెల్లగుడ్డ మీద నల్లదారంతో మిషను మీద కుట్టిపెట్టాడు. స్టేషను దగ్గర మొదలైన కుట్టు, రోడ్డు రెండుగా చీలే చోట ఒక పక్కకి తిరిగి, చిన్న చదరం దగ్గర ఆగుతుంది. ఆ చదరమే ఇల్లు. "గుమ్మంలో నిలబడితే ఆకాశాన్నంటే కొండ, ఏనుగులు మునిగే ఏరు" అని పోయేదాకా చెబుతూనే ఉన్నాడు.

మేనమామ కొడుకులు మాత్రం, "మామయ్యవన్నీ కోతలే. కత్తెర పట్టినవాడు కోతలు కోయక ఏం చేస్తాడు?" అని ప్రతి పెళ్ళిలోనూ నవ్వేవాళ్ళు. నాన్న అబద్ధాలకోరు కాడని, మోకాళ్ళు పూర్తిగా మొరాయించేలోగా అక్క కళ్ళారా చూసుకోవాలనుకుంది. అందుకే ఈ ప్రయాణం.

చదరం ఉండాల్సిన చోట పొడుగాటి షెడ్డు ఉంది. అక్క ఆగలేక దాని గోడని వాటేసుకుని బావురుమంది. లోపల కోళ్ళు కూడా గొంతు కలిపాయి. కోళ్ళఫారం యజమాని పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైందండీ పెద్దమ్మగారూ?"

"మా నాన్న ఇక్కడే పుట్టాడు బాబూ!"

అతను గోడనీ ఆవిడనీ మార్చి మార్చి చూశాడు. "పోయినేడాదే కట్టించామండీ దీన్ని."

"మరి కొండ?"

"ఇక్కడ ఎత్తుగా ఉండేది మా నీళ్ళ ట్యాంకొక్కటేనండీ."

అక్క కన్నీళ్ళు ఠక్కున ఆగిపోయాయి. మళ్ళీ రోడ్డు చీలే చోటికి వచ్చి, మైలురాయి మీద కూలబడింది.

"వాళ్ళన్నదే నిజమేమోరా. నాన్న ఏకంగా ఊరినే కోసిపెట్టాడు."

ఎండ మాడ్చేస్తోంది. ఆవిడ పటం లాక్కుని నెత్తిన కప్పుకుంది. మాస్టారి భార్య బతికున్నన్నాళ్ళూ "తిరగేసి ఆరెయ్యండి, రంగు నిలుస్తుంది" అని పోరేది. ఆవిడ పోయినా ఆ అలవాటు పోలేదు. ఏ గుడ్డ కనబడినా ఆయన కళ్ళు ముందు తిరగేసి ఉందా లేదా అనే చూస్తాయి.

"అక్కా, తిరగేసి కప్పుకున్నావు. దారం ముళ్ళు పైకొచ్చాయి..." అంటూ సగంలో ఆగారు. "నాన్న సుద్దతో గీసేది గుడ్డకి ఏ వైపు?"

"లోపలివైపు. పైన గీస్తే మరక కనబడదూ? దర్జీ కూతుర్ని, నన్నా అడిగేది?" అని ఆవిడా ఆగింది.

సుద్ద ఏనాడో రాలిపోయింది. మిగిలిన కుట్టుకి, ముళ్ళు లేని నున్నటి వైపే అసలు వైపనుకుని ఇన్నేళ్ళూ గోడకి తగిలించుకున్నారు. నాన్న గీసిందేమో వెనకవైపు. అందుకే కుడి ఎడమైపోయింది.

"దిక్కులు నేర్పాట్ట, దిక్కులు!" తమ్ముడి వీపు మీద ఒక్కటేసి, మోకాళ్ళ మాటే మరిచి అక్క రెండో దారి పట్టింది.

ఆ దారి చివర పెంకుటిల్లు. వాకిట్లో బట్టలుతుకుతున్న ఇల్లాలు సంగతి విని, "అవునండీ, దీన్ని ఇప్పటికీ దర్జీవాళ్ళిల్లనే అంటారు," అంటూ అడక్కుండానే రెండు పీటలు నీడలో వేసింది.

అక్క కూర్చోలేదు. గుమ్మంలో నిలబడి చూసింది. ఆకాశాన్నంటే కొండ ఉంది. దాని శిఖరం మీద ఒక మేక ఉంది. మేక చెవులు ఇంటి చూరుకి సమానంగా ఉన్నాయి. ఏనుగులు మునిగే ఏరూ ఉంది. అందులో ఒక బాతు నడుచుకుంటూ పోతోంది.

మాస్టారు అక్క మొహం చూడలేక మేకని చూస్తూ నిలబడ్డారు. కాసేపటికి ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని దగ్గరికి వెళ్తే, పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"అబద్ధం కాదురా! మన గౌన్లూ లాగులూ ఎలా కుట్టేవాడో మరిచిపోయావా? ఎదిగే పిల్లలని జానెడు వదులు పెట్టేవాడు. ఊరినీ అలాగే కుట్టాడు."

"మరి బావలకేం చెబుదామే?"

అక్క పీట మీద కూర్చుని, గుడ్డని ముళ్ళున్న వైపు పైకి వచ్చేలా మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"కొండెక్కుదామనే అనుకున్నాం, మోకాళ్ళు సహకరించలేదని చెప్పు."