పొద్దుటి బండి మనుషులు

ప్రభుదాసు పుట్టిందీ, చదివిందీ, పెళ్లి చేసుకుందీ ఏలూరులోనే. కానీ పెళ్లయిన ఏడాదే విజయవాడలో ఒక చీరల షాపులో సేల్స్‌మన్‌గా చేరాడు. అప్పట్నుంచీ పొద్దుటి బండికి వెళ్లడం, రాత్రి బండికి రావడం. ఆ బండి ఎక్కేవాళ్లంతా అలాంటివాళ్లే. బ్యాంకుల వాళ్లు, ఆసుపత్రుల వాళ్లు, షాపుల వాళ్లు. తిరిగొచ్చేసరికి ఏలూరు బజారు కట్టేసి ఉండేది.

"ఏలూరులో ఏముందండీ, పడుకోడానికి తప్ప?" అనేవాడు ప్రభుదాసు. బండిలో అందరూ నవ్వేవారు.

ఆయన భార్య రాజకుమారి మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైంది. ఆమెకి తెలియని వీధి లేదు.

మోకాళ్లు అరిగిపోయి ఆయన ఉద్యోగం మానేసిన వారంలోనే, కూరలు తెమ్మని పంపింది. కొత్త అపార్టుమెంట్ల మధ్య దారి తప్పాడు. తిరిగి తిరిగి ఒకాయన్ని అడిగితే, "ఏ ఊరండీ మీది?" అన్నాడాయన మర్యాదగా.

ఇంటికొచ్చి చెబితే రాజకుమారి పడీపడీ నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"రేపట్నుంచి నాతో రండి. మన ఊరు నేను చూపిస్తాను."

ఎండ తగ్గాక ఇద్దరూ మెల్లగా నడిచేవారు. కృష్ణ కాలువా గోదావరి కాలువా కలిసే చోట చాలాసేపు నిలబెట్టింది. "రెండు నదుల నీళ్లూ మన ఊళ్లో కలుస్తున్నాయండీ. మీరు రోజూ బండిలో దాటిపోయారు." తంగెళ్లమూడి వైపు ఒక ఇంట్లో తివాచీ మగ్గం చూపించింది. ఎప్పుడో పర్షియా నుంచి వచ్చినవాళ్లు తెచ్చిన పని అది. ఇప్పుడు నేసేవాళ్లు బాగా తగ్గిపోయారు. మగ్గం ముందున్న ముసలాయన ఆమెను చూసి "టీచరమ్మగారూ" అని లేచి నిలబడ్డాడు.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక పెదవేగి తీసుకెళ్లింది. దిబ్బ మీద తవ్వి బయటపెట్టిన ఇటుక గోడలు, చుట్టూ తోటలు.

"ఇదే వేంగి. రాజులేలిన పట్నం. అప్పుడు మనదే పెద్ద ఊరు."

"మరేమైపోయింది?"

"రాజులు రాజమండ్రి వెళ్లిపోయారండీ," అంది. కాస్త ఆగి, "మీరు బెజవాడ వెళ్లినట్టు."

ప్రభుదాసు దిబ్బ దిగేటప్పుడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

చలికాలంలో తన పుట్టిల్లు మండవల్లి వెళ్లి కొల్లేటి పక్షులు చూద్దామంది. చలికాలం రాకముందే, దసరా సెలవుల్లో ఒక పొద్దున గుండెల్లో బరువుగా ఉందంటూ కూలబడిపోయింది. ఊళ్లో డాక్టరు చూసి, వెంటనే విజయవాడ తీసుకెళ్లమన్నాడు.

"బెజవాడ వద్దండీ. ఇక్కడే ఉందాం," అంది అంబులెన్సులో.

"గంటలో వెళ్లిపోతాం రాజీ. అక్కడ పెద్ద డాక్టర్లున్నారు."

హనుమాన్ జంక్షన్ దాటాక ఆమె చెయ్యి ఆయన చేతిలో వదులైపోయింది.

సమాధుల తోట నిండా జనం. ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు, ఇస్త్రీ బండి అతను, మగ్గం ముసలాయన. వచ్చి చేతులు పట్టుకుని ఏడుస్తుంటే వాళ్లలో చాలామంది ఎవరో ప్రభుదాసుకి తెలియలేదు. పక్కింటి మార్తమ్మ వెనకే నిలబడి ఒక్కొక్కరి పేరూ ఆయన చెవిలో చెప్పింది.

ఆ తర్వాత ఇంట్లో ఉండలేకపోయాడు. ఒక పొద్దున టికెట్టు కొని పాత బండే ఎక్కాడు.

"దాసుగారూ! రండి రండి," అంటూ సత్యనారాయణమూర్తి జరిగి చోటిచ్చాడు. ఆయనదీ ఏలూరే, విజయవాడలో బ్యాంకు ఉద్యోగం. సంగతి విని నొచ్చుకున్నాడు.

"అయ్యో, నాకు తెలియనే తెలియదండీ. ఆవిడ పేరేమిటి?"

ఇన్నేళ్లు పక్కపక్కన కూర్చున్న మనిషి. ఆమె గురించి ఒక్కసారీ ఆయనకి చెప్పలేదని ప్రభుదాసుకి అప్పుడు తెలిసింది.

"రాజకుమారి," అన్నాడు. ఇక ఆగలేదు. నూజివీడు స్టేషన్ పోయింది, గన్నవరం పోయింది. ఆమె ఎలా నడిచేదో, కాలువల దగ్గర ఏమందో, పెదవేగిలో ఏమందో, అన్నీ చెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఫోన్లు పక్కన పెట్టి విన్నారు.

"మన ఏలూరులో తివాచీలు నేస్తారా అండీ?" అన్నాడు మూర్తి ఆశ్చర్యంగా.

"నేస్తారండీ. ఇంకా కొద్దిమంది ఉన్నారు. ఒక ముసలాయన, ఆవిణ్ణి చూడగానే..."

బండి విజయవాడలో ఆగింది. అందరూ ఒక్కసారిగా లేచారు.

"రాత్రి బండిలో చెబుదురుగాని దాసుగారూ, ఆలస్యమైపోతోంది," అంటూ మూర్తి జనంలో కలిసిపోయాడు.

పెట్టె ఖాళీ అయింది. ప్రభుదాసుకి ఆ ఊళ్లో పనేమీ లేదు. కిటికీ పక్కన అలాగే కూర్చుని, మిగిలింది తనలో తనే చెప్పుకున్నాడు.