తువ్వాల కింద బేరం

ఆర్మూర్ కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ భూమేశ్వర్. మూడేళ్లుగా జిల్లా కప్పు అతని కుర్రాళ్లదే. అయినా పదేళ్ల కిందటి మాట ఒకటి అతని కడుపులో మండుతూనే ఉంది. నిజామాబాద్‌లో పసుపు మార్కెట్ హమాలీగా ఉంటూ, అక్కడే ఓ ప్రైవేటు కాలేజీకి ఉద్యోగం అడగబోతే, సెక్రటరీ కాశీరాం ముక్కు మూసుకుని, "పసుపు బస్తాలు మోసెటోనికి బంతి గురించి ఏం ఎరుక?" అని పదిమందిలో బయటికి గెంటించాడు.

1993 మార్చిలో ఆ కాశీరామే కబురు పెట్టాడు, తమ జట్టుకి కోచ్‌గా రమ్మని. వరసగా మూడేళ్లు ఆర్మూర్ చేతిలో చిత్తయితే ఎవరికైనా బుద్ధి వస్తుంది మరి!

భూమేశ్వర్ భార్య నీలవ్వ మిల్లులో పసుపు దుమ్ము పీల్చి పీల్చి దగ్గుతో సగమైపోయింది. దవాఖానలో డాక్టర్ ఆ పని మానమన్నాడు. "నెలకు మూడు వేలిస్తనంటే పోదాం. పంతం గింతం పెట్టుకోకు," అంది. భూమేశ్వర్ ఆమె నెత్తిన చెయ్యి పెట్టి సరేనన్నాడు.

కానీ కాశీరాంను ఎక్కడికి రమ్మన్నాడో తెలుసా? ఇంటికీ కాదు, కాలేజీకీ కాదు. పసుపు మార్కెట్‌కి, అదీ బేరాలు జోరుగా సాగే వేళకి.

"నన్ను కొననీకే వచ్చినవు గద సారూ. గీడ బేరం గిట్లనే," అని తువ్వాల పరిచి, దాని కింద చెయ్యి పెట్టాడు. అక్కడి పాత బేరగాళ్లు ధర నోటితో చెప్పరు. తువ్వాల కింద వేళ్లు పట్టుకుని చెప్తారు. ఆ ఇద్దరికి తప్ప మూడో మనిషికి తెలియదు. హమాలీలు చుట్టూ మూగారు. కాశీరాం మొహం కందగడ్డ అయింది. అయినా గతిలేక చెయ్యి దూర్చాడు.

వేలికి వెయ్యి లెక్క. ముందు రెండు వేళ్లు పట్టాడు. భూమేశ్వర్ తల అడ్డంగా ఊపాడు. మూడు పట్టాడు. ఊహూ. ఆఖరికి నాలుగు వేళ్లూ పట్టుకుని వదల్లేదు. ఆ చెయ్యి చెమటతో తడిసి ఉంది.

నీలవ్వ దగ్గు గుర్తుకు రాకపోలేదు. కానీ పదేళ్లు ఎదురుచూసిన నిమిషం ఇది! తువ్వాల లాగి, దులిపి భుజాన వేసుకున్నాడు.

"నీ బేరం నాకు గిట్టది. జల్ది పో సారూ, పసుపు వాసన అంటుతది నీకు!"

హమాలీలు ఈలలు వేశారు. కాశీరాం తలొంచుకుని కారెక్కాడు. భూమేశ్వర్‌కి కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. మార్కెట్ గేటు దాటేదాకా ఉంది.

నీలవ్వ గడపలోనే నిలబడి ఉంది. "ఎన్ని వేళ్లు పట్టిండు?"

"రెండు."

నమ్మేసింది. "గంతేనా? ఇంక వాని బుద్ధి మారలే. మంచిగ జేసినవ్ తియ్యి," అంది. ఆ నాలుగు మాటలు అనడానికే రెండుసార్లు ఆగి దగ్గింది.

తెల్లారి సద్ది కట్టుకుని మిల్లుకి బయల్దేరింది. భూమేశ్వర్ ఆమెను ఆపబోయి, భుజం మీది తువ్వాల తీసి, దుమ్ము పోకుండా ముక్కుకి కట్టుకోమని ఇచ్చాడు.